వంద లారీల యార్డుకు దూరం నుంచి కాపలా: వీడియో నిఘా ఎలా పనిచేస్తుంది, మన డెల్టాలో ఎక్కడ తేడా వస్తుంది

సార్వా కోతలు ఊపందుకున్నాయంటే తణుకు, తాడేపల్లిగూడెం, రావులపాలెం, మండపేట చుట్టూ బండి పెట్టుకోవడానికి జాగా దొరకదు. ధాన్యం లోడు కోసం వచ్చిన లారీలు, కోత మిషన్లు, వాటిని మోసుకొచ్చిన ట్రాలీలు, ట్రాక్టర్లు రైసుమిల్లుల పక్కన, పెట్రోలు బంకుల వెనక, మెరక చేసిన చేలల్లో బారులు తీరతాయి. కాకినాడ పోర్టుకు బియ్యం మోసే లారీలు వంతు కోసం ఆగుతాయి. దాళ్వా ముగిశాక కోత మిషన్లు మళ్ళీ కోతల దాకా కదలవు. వీటికి తోడు ట్రాక్టర్ షోరూముల స్టాకు యార్డులు, కిస్తీలు తప్పినవాళ్ళ దగ్గర్నుంచి ఫైనాన్స్ కంపెనీలు తెచ్చి పెట్టిన బండ్ల యార్డులు. అన్నీ ఆరుబయటే. చాలావాటికి ఒకవైపు రోడ్డు, ఒకవైపు కాలవ, మిగతా రెండు వైపులా వరి చేలో కొబ్బరి తోటో ఉంటుంది.

ఇలాంటి చోట బండికి బండే మాయమవడం పెద్ద భయం. కానీ తరచూ వేధించేది చిన్న దొంగతనం. బ్యాటరీలు, ట్యాంకులో డీజిలు, స్టెప్నీ టైరు, టార్పాలిన్, జాకీ. కొన్ని రకాల వ్యాన్లకైతే సైలెన్సర్ కూడా. దానితో కలిసి ఉండే, పొగలోని విషవాయువుల్ని తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలు ఉంటాయి కాబట్టి దాని మీద కన్ను పడుతుంది. బ్యాటరీల జత పోయిన లారీ ఓనరుకు నష్టం వాటి ధరతో తీరదు. ఆ రోజు లోడు పోతుంది, కిరాయి పోతుంది, కిస్తీ తేదీ మాత్రం ఆగదు. సొంత లారీని తనే తోలుకుంటూ ఇల్లు గడుపుకునేవాళ్ళు మన జిల్లాల్లో ఎంతోమంది ఉన్నారు. వాళ్ళను తలచుకునే ఈ విషయాన్ని కాస్త విడమరిచి చెప్పాలనిపించింది.

చిక్కంతా "సీసీ కెమెరాలు పెట్టించాం కదా" అనే ధీమా దగ్గర మొదలవుతుంది. మామూలు సీసీ కెమెరా వ్యవస్థ చేసే పని రికార్డు చేయడం. కెమెరాల వీడియోను దాచే ఎన్‌వీఆర్ పెట్టె ఆఫీసు గదిలో ఉంటుంది, హార్డ్ డిస్కులో బొమ్మ నిండుతూ ఉంటుంది. పొద్దున్నే బ్యాటరీలు లేవని తెలిశాక ఫుటేజీ వెనక్కి తిప్పి చూస్తారు. మొహానికి తువ్వాలు చుట్టుకున్న ఒక ఆకారం, ఒక మోటారు సైకిలు, చదవడానికి వీల్లేని నంబరు ప్లేటు. దొంగతనం జరిగిందని రుజువైంది, అంతే. బ్యాటరీలు అప్పటికే పాత ఇనుము కొట్టుకు చేరి ఉంటాయి.

దూరం నుంచి నిఘా అంటే ఆ క్రమాన్ని ముందుకు జరపడం. యార్డులోకి మనిషి అడుగుపెట్టిన క్షణంలో కెమెరా గుర్తించాలి. ఆ కబురు, పది సెకన్ల వీడియో ముక్కతో సహా, ఎక్కడో ఉన్న కంట్రోల్ రూముకు వెళ్ళాలి. అక్కడ మెలకువగా ఉన్న మనిషి అది కుక్కా, డ్రైవరా, దొంగా అని చూసి తేల్చుకోవాలి. దొంగే అయితే యార్డులోని స్పీకరులో మాట్లాడాలి, లైట్లు వెలిగించాలి, వాచ్‌మన్‌కూ పోలీసులకూ ఫోను చేయాలి. ఇది మనకు పూర్తిగా కొత్తేమీ కాదు. ఊరెళ్ళేటప్పుడు మన రాష్ట్ర పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో నమోదు చేసుకుంటే తాళం వేసిన ఇంట్లో కెమెరా పెడతారు. లోపల ఎవరైనా కదిలితే కంట్రోల్ రూములో అలారం మోగుతుంది. సూత్రం అదే. తాళం వేసిన ఇంట్లో ఏ కదలికైనా అనుమానమే. మూడెకరాల యార్డులో మాత్రం రాత్రంతా ఏదో ఒకటి కదులుతూనే ఉంటుంది. కష్టం అంతా అక్కడుంది.

నిమిషాల లెక్క

నా ఉద్దేశంలో యార్డు ఓనరు మొదట అడగాల్సింది ఎన్ని కెమెరాలు కావాలని కాదు, దొంగ పనికి ఎన్ని నిమిషాలు పడుతుంది, మన మనిషి చేరడానికి ఎన్ని పడుతుంది అని. లారీ బ్యాటరీ పెట్టె మూత తీసి, తీగలు విప్పి, రెండు బ్యాటరీలు మోసుకుపోవడం చేయి తిరిగినవాడికి కొద్ది నిమిషాల పని. పోలీసు జీపు రాత్రి గస్తీలో పక్క మండలంలో ఉంటే పావుగంట, అరగంట పట్టొచ్చు. ఈ రెండు అంకెల మధ్య తేడాను పూడ్చడమే భద్రత.

పూడ్చే దారులు రెండే. ఒకటి, దొంగను ముందే పట్టుకోవడం. లారీ పక్కకు వచ్చాక కాకుండా కంచె దగ్గరే కెమెరా గుర్తిస్తే ఆ మేరకు సమయం మిగులుతుంది. రెండు, దొంగ పనిని ఆలస్యం చేయడం. కంచెకు తీగ బిగించడం, బ్యాటరీ పెట్టెకు మంచి తాళం, డీజిల్ ట్యాంకు మూతకు తాళం, లారీలను ట్యాంకులు ఎదురెదురుగా ఉండేలా దగ్గరగా నిలపడం. కాలవ వైపు కంచె లేదంటే, నీళ్ళున్నాయిలే ఎవరొస్తారని వదిలేశారంటే, వేసవిలో కాలవలు కట్టేశాక అదే రాచబాట అవుతుంది. కంచె లేని యార్డులో ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా అది చెప్పే వార్త ఆలస్యపు వార్తే. డబ్బు కొంచెమే ఉంటే కెమెరా తగ్గించి కంచె వేయించమనే నేను చెప్తాను.

ఈ మాటకు పరిశోధనల బలం కూడా ఉంది. సీసీ కెమెరాల మీద 40 ఏళ్ళపాటు జరిగిన అధ్యయనాలను ఎరిక్ పిజా, బ్రాండన్ వెల్ష్, డేవిడ్ ఫారింగ్టన్, అమండా థామస్ 2019లో ఒకచోట చేర్చి చూశారు. మొత్తం మీద నేరాలు తగ్గింది 13 శాతం దాకా. ఎక్కువగా, నిలకడగా ఫలితం కనబడింది వాహనాల పార్కింగ్ స్థలాల్లోనే. అంతకంటే ముఖ్యమైనవి మరో రెండు సంగతులు. ఎవరో ఒకరు చురుగ్గా చూస్తున్న వ్యవస్థలు ఉత్త రికార్డింగు కంటే బాగా పనిచేశాయి. కెమెరాకు తోడు లైట్లు, కంచె, మనుషులు లాంటివి కలిసినచోట ఫలితం పెరిగింది. ఇందులో చాలా అధ్యయనాలు బ్రిటన్, అమెరికాల్లో జరిగినవి. అక్కడి పోలీసు, అక్కడి వీధి దీపం, అక్కడి వాతావరణం వేరు. అంకెను యథాతథంగా మనకు తెచ్చుకోనక్కర్లేదు గానీ, దిశ మాత్రం నమ్మదగిందే.

మరి చూసే మనిషిని పెట్టుకుంటే సరిపోదా అంటే, మనిషి కన్ను తెరల ముందు త్వరగా అలసిపోతుంది. అమెరికా న్యాయశాఖ పరిశోధన విభాగం 1999లో పాఠశాలల భద్రత మీద వేసిన మార్గదర్శి ఒక మాట చెప్పింది. తెర మీద బొమ్మలు 20 నిమిషాలు చూసేసరికి చాలామందిలో శ్రద్ధ పనికిరానంతగా పడిపోతుందని. అర్ధరాత్రి పదహారు గళ్ళ తెర ముందు కూర్చున్న వాచ్‌మన్ నిద్రపోయాడని తిట్టడం తేలిక. మెలకువగా ఉన్నా అతనికి ఏమీ కనిపించకపోవచ్చు. అందుకే కెమెరాయే ముందు వడపోసి, అనుమానం ఉన్న ముక్కనే మనిషి ముందు పెట్టాలి.

ఎంత దూరం కనిపిస్తుంది అన్నదే అసలు ప్రశ్న

అమ్మేవాళ్ళు మెగాపిక్సెళ్ళు చెప్తారు. యార్డుకు కావలసిన లెక్క వేరు: ఆ చోట మీటరు వెడల్పుకు ఎన్ని పిక్సెళ్ళు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు, పడుతున్నాయి. వీడియో నిఘాకు ఐఈసీ 62676-4 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని 2014 నాటి కూర్పు ప్రకారం మనిషి ఉన్నాడని పసిగట్టడానికి మీటరుకు 25 పిక్సెళ్ళు చాలు. తెలిసిన మనిషిని పోల్చుకోవాలంటే 125 కావాలి. తెలియని మనిషి ఎవరో సందేహం లేకుండా తేల్చాలంటే 250 కావాలి.

ఇప్పుడు మామూలు 4 మెగాపిక్సెల్ కెమెరా తీసుకోండి. బొమ్మ అడ్డంగా 2560 పిక్సెళ్ళు. 25తో భాగిస్తే నూట రెండు మీటర్ల వెడల్పు. 250తో భాగిస్తే పది మీటర్లు. అంటే అదే కెమెరా వంద మీటర్ల వెడల్పులో "ఎవరో ఉన్నారు" అని చెప్పగలదు, "ఫలానావాడు" అని చెప్పగలిగేది మాత్రం పది మీటర్ల వెడల్పులోనే. దుకాణాల్లో ఎక్కువగా పెట్టే 2.8 మిల్లీమీటర్ల లెన్సు సుమారు 100 డిగ్రీల కోణం చూస్తుంది. అంత విశాలంగా చూసే లెన్సుతో పది మీటర్ల వెడల్పు రావడానికి మనిషి కెమెరాకు నాలుగు మీటర్ల దూరంలో ఉండాలి. అంతకు మించి దూరమైతే మొహం మసకే. 12 మిల్లీమీటర్ల లెన్సు పెడితే కోణం 28 డిగ్రీల చుట్టుపక్కలకు తగ్గి, అదే మొహం ఇరవై మీటర్ల దాకా తెలుస్తుంది. కాకపోతే చుట్టూ చూసేది తగ్గిపోతుంది.

ఈ లెక్క అర్థమైతే యార్డు ప్లాను దానంతటదే వస్తుంది. కంచె వెంబడి, బండ్ల వరసల మధ్య విశాలంగా చూసే కెమెరాలు. వాటి పని పసిగట్టడం మాత్రమే. గేటు దగ్గర, దొంగ తప్పక దాటాల్సిన ఇరుకు దగ్గర దగ్గరగా చూసే కెమెరాలు. వాటి పని మొహం, నంబరు ప్లేటు. ప్లేటు చదవాలంటే ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఎదురుగా హెడ్‌లైటు వెలుగు కొడుతుంది, బండి కదులుతూ ఉంటుంది. షట్టరు వేగం పెంచి, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వేసి, కోణం మరీ పక్కకు పోకుండా, ప్లేటు కోసం విడిగా ఒక కెమెరా బిగించాల్సిందే. దానితోనే మనుషులనూ చూద్దామంటే రెండూ చెడతాయి.

లారీలు ఎత్తుగా ఉంటాయి. పది అడుగుల గోడ మీద పెట్టిన కెమెరాకు మొదటి లారీయే అడ్డం, దాని వెనక ఉన్నదంతా చీకటి కోణం. కోత మిషన్ల యార్డయితే మరీను. స్తంభాలు ఎత్తుగా ఉండాలి, ఒకదాని నీడలో ఉన్న చోటును ఇంకొకటి చూడాలి, బండ్లు ఎక్కడ పెట్టాలో నేల మీద గీతలు గీసి ఆ క్రమం తప్పకుండా చూడాలి. మెరక వేసిన మట్టి నేల, చేతికందే లోతులో నీరు ఉన్న మన ప్రాంతంలో స్తంభానికి సరైన కాంక్రీటు పునాది వేయకపోతే తొలి ఈదురుగాలికే ఒరుగుతుంది. స్తంభం ఊగినా చాలు, బొమ్మ మొత్తం కదిలి కెమెరాకు అంతా కదలికలాగే కనబడుతుంది.

ఉసిళ్ళు, సాలెగూళ్ళు, కొబ్బరి మట్టలు

పాత తరహా కదలిక గుర్తింపు పిక్సెళ్ళ మార్పును మాత్రమే చూస్తుంది. మబ్బు కదిలినా, మట్ట ఊగినా, హైవే మీద లారీ లైటు గోడ మీద పడినా అలారమే. ఇప్పటి కెమెరాల్లో మనిషి, వాహనం, జంతువు అని వేరుచేసే సాఫ్ట్‌వేర్ వచ్చింది. తెర మీద ఒక గీత గీసి, రాత్రి పది తర్వాత మనిషి ఈ గీత దాటితేనే చెప్పు అని నియమం పెట్టొచ్చు. ఇది నిజంగా పెద్ద మేలు. అయినా వడపోత పూర్తిగా కుదరదు, అందులోనూ మన నేల మీద.

రాత్రి కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి. లెన్సు చుట్టూ గోరువెచ్చగా ఉంటుంది. దానికి పురుగు వస్తుంది, పురుగు కోసం సాలెపురుగు వచ్చి గూడు కడుతుంది. ఆ పోగు లెన్సుకు అంగుళం దూరంలో ఊగుతుంటే, దగ్గరి వెలుగుకు తెల్లగా మెరిసి తెరంతా కప్పేస్తుంది. తొలకరి వాన తర్వాత ఉసిళ్ళు లేచిన రాత్రి గురించి చెప్పనక్కర్లేదు. వాన చినుకులూ అంతే, ప్రతి చుక్కా తెల్లని గీత. దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. ఇన్‌ఫ్రారెడ్ దీపాన్ని కెమెరాకు రెండు మూడు మీటర్ల దూరంలో విడిగా బిగించి, కెమెరాలో ఉన్నదాన్ని ఆపేయాలి. పురుగులు దీపం దగ్గరికి పోతాయి. వారానికోసారి పొడుగు కర్రకు బ్రష్షు కట్టి తుడవాలి. ఈ తుడిచే పని ఎవరిదో ఒప్పందంలో రాయించుకున్న యార్డు నాకింకా కనబడలేదు. వ్యవస్థ సగం పాడయ్యేది అక్కడే.

మార్గశిర, పుష్య మాసాల మంచు ఇంకో పరీక్ష. తెల్లవారుజామున చేల మీంచి లేచే మంచులో ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వెనక్కి కొట్టి తెర తెల్లబోతుంది. ఒంటి వేడిని బట్టి చూసే థర్మల్ కెమెరాకు చీకటి అడ్డు కాదు, పల్చని మంచులోనూ చాలావరకు పనిచేస్తుంది. కానీ ధర ఎక్కువ, పైగా మొహం చూపించదు. కొత్త బండ్ల స్టాకు యార్డు లాంటి విలువైన చోట కాలవ వైపు ఒక్కటి పెట్టుకోవడంలో అర్థముంది. మామూలు లారీ స్టాండుకు మంచి లైట్లు, శుభ్రమైన లెన్సు చాలు.

అబద్ధపు అలారాలను నేను ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఉంది. రాత్రికి నలభై సార్లు ఫోను మోగితే మూడో రోజుకల్లా ఓనరు ఆ ఫోను సైలెంటులో పెట్టి పడుకుంటాడు. కంట్రోల్ రూములో కుర్రాడైనా అంతే, చూడకుండానే నొక్కేస్తాడు. అసలు దొంగ వచ్చిన రాత్రి కూడా అలారం మోగే ఉంటుంది. అందుకే మొదటి నెలంతా రోజూ పొద్దున ఆ రాత్రి అలారాలు చూసి, ఏ కెమెరాకు ఏది అడ్డమొస్తోందో సరిచేయడం బిగించినవాళ్ళ బాధ్యతగా ఉండాలి. కుక్కలు దూరే సందు మూసినా, తెరలోకి వచ్చే మట్టలు కొట్టించినా అలారాలు బాగా తగ్గుతాయి.

నెట్టు, కరెంటు, వరద

ఒక్కో కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు పంపుతుందనుకుంటే రోజుకు 21.6 జీబీ. ఎనిమిది కెమెరాలు నెల రోజులంటే 5 టీబీ పైన. కాబట్టి 6 టీబీ హార్డ్ డిస్కు కావాలి. ఒకేసారి వంద మంది చేరే చోట్లకు కెమెరాలు తప్పనిసరి చేసిన 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రత చట్టం కూడా 30 రోజుల ఫుటేజీ ఉంచాలంటుంది. యార్డు ఆ చట్టం కిందకు వచ్చినా రాకున్నా నెల రోజులు ఉంచుకోవడం మంచిది. దొంగతనం బయటపడేసరికే పది రోజులు గడిచే కోత మిషన్ల యార్డుల్లో అంతకన్నా తగ్గితే లాభం లేదు.

ఆ వీడియో అంతా దూరానికి పంపాలంటే సిమ్ కార్డు డేటా గంటల్లో అయిపోతుంది. అందుకే మంచి వ్యవస్థ రికార్డింగును యార్డులోనే ఉంచి, అలారం వచ్చినప్పుడు చిన్న ముక్కను మాత్రమే పంపుతుంది. కంట్రోల్ రూము అడిగినప్పుడు తక్కువ నాణ్యతతో లైవ్ చూపిస్తుంది. ఫైబర్ కనెక్షన్ ఉంటే అది ముందు, అది తెగితే తనంతట తానే 4జీకి మారే రౌటరు వెనక. కెమెరాలోనే మెమరీ కార్డు వేసి ఉంచితే, దొంగ ఎన్‌వీఆర్ పెట్టెనే ఎత్తుకుపోయినా బొమ్మ మిగులుతుంది. దూరం నుంచి నిఘాలో మరచిపోకూడనిది ఇంకొకటి: కెమెరా ఆగిపోవడం కూడా అలారమే కావాలి. తీగ కోస్తే నిశ్శబ్దంగా ఊరుకునే వ్యవస్థకు డబ్బు దండగ.

కరెంటు విషయానికొస్తే, ఒక స్తంభం మీద కెమెరాలు, 4జీ రౌటరు కలిసి 20 వాట్లు తింటాయనుకుంటే రోజుకు 480 వాట్ అవర్లు. 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఉన్నది 1200 వాట్ అవర్లు. అందులో సగానికి మించి వాడితే బ్యాటరీ త్వరగా పాడవుతుంది. అంటే కరెంటు పోయాక ఒక రోజు కాస్త పైన నడుస్తుంది. సోలార్ పలక పెట్టినా ముసురు పట్టిన వారంలో అది సరిగ్గా నింపలేదు. తుఫాను వస్తే కరెంటు రోజుల తరబడి రాదు. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు కోనసీమ ఊళ్ళలో కరెంటు పోయింది. లోకం చీకట్లో ఉన్న ఆ రాత్రులే దొంగకు అనువు. అందుకని బ్యాటరీ లెక్క మామూలు రాత్రికి వేసి ఊరుకోవద్దు, మూడు రాత్రులకు వేయండి.

వేసవి గాలివానల్లో పిడుగులు పడతాయి. స్తంభం నుంచి స్తంభానికి రాగి తీగ లాగితే ఎక్కడో పడిన పిడుగు ప్రభావం అన్ని కెమెరాలనూ ఎన్‌వీఆర్‌నూ ఒకేసారి కాల్చేయగలదు. దూరాలకు ఫైబర్ వాడితే ఆ దారి మూసుకుపోతుంది. రాగి నెట్‌వర్క్ కేబులు ఎలాగూ వంద మీటర్లు దాటి పనిచేయదు. ప్రతి స్తంభానికీ ఎర్తింగ్, ఒక్కసారిగా ఎగసే కరెంటును ఆపే సర్జ్ ప్రొటెక్టర్ ఉండాలి. కాకినాడ, అంతర్వేది, ఉప్పాడ వైపు ఉప్పుగాలికి మామూలు ఇనుప బిగింపులు తుప్పు పట్టి రాలిపోతాయి, స్టెయిన్‌లెస్ స్టీలువి అడగాలి. ఇక వరద. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో నీరు ఎంతవరకు వచ్చిందో ఊరివాళ్ళకు గుర్తే. ఆ గుర్తుకు పైన పెట్టెలు బిగించాలి. నేల మీద జంక్షన్ బాక్సులు వద్దు.

అవతలి వైపు మనిషి

ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఏ హెచ్చరికకు ఎవరు ఏం చేయాలో ముందే రాసి ఉంటుంది కాబట్టే వరద రాత్రి వాదనలుండవు. కంట్రోల్ రూముకూ అలాంటి మెట్లు రాసివ్వాలి. కంచె బయట ఎవరో తచ్చాడుతుంటే గమనించడం. లోపలికి వస్తే లైట్లు, స్పీకరు. బండి మీద చెయ్యి వేస్తే వాచ్‌మన్‌కు, ఓనరుకు, 112కు వెంటనే ఫోను. ఏ మెట్టులో ఎవరి ఆమోదం కోసమూ ఆగకూడదు.

స్పీకరులో సైరను మోతకంటే మనిషి మాట ఎక్కువ పనిచేస్తుంది, అదీ ఆ దొంగ గురించే చెప్పే మాట. "నీలం చొక్కా వేసుకున్నతనూ, నువ్వు మాకు కనబడుతున్నావు. పోలీసులకు ఫోను చేశాం, బయటికి వెళ్ళు." తనను నిజంగానే ఎవరో చూస్తున్నారని అర్థమైన మరుక్షణం వచ్చినవాడి లెక్క మారిపోతుంది. రికార్డు చేసి పెట్టిన ఇంగ్లీషు హెచ్చరికను మన దగ్గర ఎవరూ లెక్కచేయరు. కంట్రోల్ రూము హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండొచ్చు, కూర్చున్న మనిషికి మాత్రం తెలుగు రావాలి, దారి చెప్పడం రావాలి. "సిద్ధాంతం వంతెన దాటాక ఎడమ చేతి పుంతలో" అని చెప్పగలిగితేనే జీపు సరిగ్గా చేరుతుంది.

ఈ వ్యవస్థ వచ్చిందని వాచ్‌మన్‌ను తీసేసే ఓనర్లుంటారు. నాకది సరైన లెక్కగా తోచదు. నిజమే, 24 గంటలూ ఒక మనిషి ఉండాలంటే వారానికి 168 గంటలకు నలుగురు కావాలి, ఆ ఖర్చు చిన్నది కాదు. కానీ గేటు తీయడానికి, డ్రైవర్లను పోల్చుకోవడానికి, తెగిన తీగ చూడటానికి చోటు మీద ఒకరైనా ఉండాలి. మారాల్సింది అతని పని. ఇప్పటిదాకా కర్ర పట్టుకుని చీకట్లో వరసల మధ్య తిరిగి, ఇద్దరు ముగ్గురు ఎదురైతే ఒంటరిగా నిలబడాల్సిన మనిషి, ఎక్కువగా అరవై దాటిన పెద్దాయన. ఇప్పుడు అతనికి ఫోనులో, "బాబాయ్, రెండో వరస చివరి లారీ దగ్గర ఇద్దరున్నారు. మీరు దగ్గరికి వెళ్ళకండి, పోలీసులు వస్తున్నారు, గేటు దగ్గరే ఉండండి" అని చెప్పేవాళ్ళున్నారు. దూరం నుంచి నిఘాలో నాకు అన్నిటికంటే నచ్చిన లాభం ఇదే.

కోర్టు, పాస్‌వర్డు, రేవు

దొంగ దొరికాక ఫుటేజీ సాక్ష్యంగా నిలబడాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. ఒక భాగం పరికరం ఎవరి అధీనంలో ఉందో వారు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి. ఫైలు మారలేదని చూపే హాష్ విలువ అందులో రాయాలి. పాత చట్టం కింద కూడా ఈ పత్రం తప్పనిసరని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో తేల్చింది. తెర ముందు ఫోను పట్టుకుని తీసిన వీడియోను వాట్సాప్‌లో పంపి ఊరుకుంటే కోర్టులో నిలవదు. ఎన్‌వీఆర్ గడియారం కూడా చూసుకోండి. అరగంట తేడా ఉంటే అవతలి వకీలుకు అదొక్కటే చాలు.

కెమెరా కూడా నెట్టుకు కలిసిన కంప్యూటరే. 2016లో మిరాయ్ అనే వైరసు ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని కెమెరాలను, డీవీఆర్‌లనే రికార్డింగు పెట్టెలను లక్షల్లో పట్టుకుని వాటితోనే పెద్ద పెద్ద వెబ్‌సైట్లను కూల్చింది. మన దేశంలో 2025 ఏప్రిల్ 9 నుంచి అమ్మే సీసీ కెమెరాలకు భద్రతా పరీక్ష తప్పనిసరి చేశారు. కొనేటప్పుడు ఆ ధ్రువీకరణ అడగండి. బిగించిన కుర్రాడి దగ్గరే పాస్‌వర్డు ఉండిపోతే యార్డు తాళంచెవి అతని జేబులో ఉన్నట్టే.

కాలవ గట్టు యార్డుల్లో ఇంకో బాధ్యత ఉంది. స్తంభం మీది కెమెరాకు అవతలి రేవు కనబడుతుంది. అక్కడ ఆడవాళ్ళు బట్టలు ఉతుక్కుంటారు, స్నానాలు చేస్తారు. పక్కింటి పెరడు కనబడుతుంది. ఆ భాగాన్ని తెర మీద నల్లగా కప్పేసే ప్రైవసీ మాస్క్ దాదాపు ప్రతి కెమెరాలోనూ ఉంది. పెట్టడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. పెట్టకపోవడం తప్పు, ఆ బొమ్మలు ఎవరెవరి ఫోన్లలోకి వెళ్తాయో తెలియదు కాబట్టి ఇంకా పెద్ద తప్పు. లోపల డ్రైవర్లు, క్లీనర్లు లారీల్లోనే పడుకుంటారు, ట్యాపు దగ్గర స్నానం చేస్తారు. ఆ చోటునూ కప్పాలి. కెమెరాలున్నాయని గేటు దగ్గర తెలుగులో బోర్డు పెట్టాలి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అది లేకున్నా ఇది చేయాల్సిన పనే.

చిన్న యార్డుల వాళ్ళకు ఇదంతా భారమనిపిస్తుంది. ఒక లారీ ఓనర్ల అసోసియేషన్ కింద నాలుగైదు యార్డులు కలిసి ఒకే కంట్రోల్ రూముతో మాట్లాడుకుంటే నెలవారీ ఖర్చు పంచుకోవచ్చు. గేటు, కంచె, కాలవ వైపు మూడు చోట్లతో మొదలుపెట్టి తర్వాత పెంచుకోవచ్చు.

చివరి బిల్లు కట్టేముందు మాత్రం ఒక పని చేయండి. కంట్రోల్ రూముకు తేదీ చెప్పకుండా, పోలీసు స్టేషన్‌కూ వాచ్‌మన్‌కూ ముందే చెప్పి, మీకు తెలిసిన కుర్రాణ్ని అర్ధరాత్రి దాటాక కాలవ వైపు నుంచి లోపలికి పంపండి. అతను కంచె దాటిన సమయం, స్పీకరులో మాట వినబడిన సమయం, మీ ఫోను మోగిన సమయం కాగితం మీద రాసుకోండి. ఇంకోసారి వాన కురుస్తున్న రాత్రి, మరోసారి కరెంటు తీసేసి అదే పరీక్ష పెట్టండి. ఆ కాగితం మీది నిమిషాలు బ్యాటరీ విప్పే సమయం కంటే ఎక్కువ వస్తే, బిగించినవాళ్ళను మళ్ళీ పిలిపించి, అవి తగ్గేదాకా మిగతా డబ్బు ఆపండి.